వీపీఎన్ ఆన్‌లో ఉన్నా యాప్‌కి మా ఊరు ఎలా తెలుస్తోంది?

మాది రాజోలు దగ్గర పల్లెటూరు. ఇంట్లో ఫైబర్ నెట్, నాది ఆండ్రాయిడ్ 14 ఫోన్. ఒక షాపింగ్ యాప్‌కి నా లొకేషన్ తెలియకూడదని చూస్తున్నాను, కుదరడం లేదు. వీపీఎన్‌లో (మన నెట్‌ని వేరే చోట ఉన్న సర్వర్ మీదుగా పంపేది) సింగపూర్ సర్వర్ పెట్టి, వేరే ఈమెయిల్‌తో అడ్రస్ ఏదీ ఇవ్వని కొత్త అకౌంట్ తెరిచినా పైన 'రాజోలు' అనే వస్తోంది.

ఐపీ (నెట్ కనెక్షన్‌కి ఉండే నంబర్ అడ్రస్) వల్ల అనుకుందామంటే, వీపీఎన్ తీసేసి ఐపీ ఎక్కడిదో చూపే సైట్లలో చూస్తే ఒకటి విజయవాడ అంటుంది, ఇంకొకటి హైదరాబాద్ అంటుంది. రాజోలు అన్నది ఒక్కటీ లేదు. టైమ్ జోన్‌ని బట్టి ఇండియా అని పోల్చుకోవచ్చు గానీ ఊరు తెలియదు కదా!

యాప్‌కి లొకేషన్ పర్మిషన్ తీసేశాను. ఫోన్‌లో లొకేషన్, వైఫై స్కానింగ్, బ్లూటూత్ స్కానింగ్ అన్నీ ఆఫ్. యాడ్‌ల కోసం ఫోన్‌ని గుర్తుపట్టే అడ్వర్టైజింగ్ ఐడీ డిలీట్ చేసి, యాప్ తీసేసి మళ్లీ వేశాను. సైట్ల పేర్లు వెతికే రిక్వెస్టులు వీపీఎన్ దాటి బయటకు పోతున్నాయేమో చూపే డీఎన్ఎస్ లీక్ టెస్ట్‌లో సింగపూర్ సర్వర్లే కనిపిస్తున్నాయి, ఐపీవీ6ని (కొత్త రకం ఐపీ అడ్రస్) వీపీఎన్ బ్లాక్ చేస్తోంది.

ఒక్క తేడా మాత్రం గమనించాను. రావులపాలెంలో మొబైల్ డేటా మీద కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తే పిన్‌కోడ్ అడిగింది, అంతే. ఇంటికొచ్చి వైఫైకి కలపగానే నిమిషంలో రాజోలు! అదే వైఫైలో మా బావగారి ఫోన్, టీవీ కూడా ఉంటాయి. ఆయన ఫోన్‌లో ఇదే యాప్ ఉంది, లొకేషన్ ఎప్పుడూ ఆన్‌లోనే. నా ఫోన్‌లో ఈ యాప్‌కి 'నియర్‌బై డివైజెస్' (దగ్గర్లోని పరికరాలను వెతికి కలిసే) పర్మిషన్ ఇంకా ఇచ్చే ఉంది.

లొకేషన్ పర్మిషన్ లేకుండా యాప్ మా రౌటర్‌నో, బావగారి ఫోన్‌నో చూసి ఊరు పట్టేస్తోందా, అయితే దాన్ని ఏ సెట్టింగ్‌తో ఆపాలి?