జియాగూడలో తోలు తీసే పని, చేసినవాళ్లెవరైనా ఉన్నారా?

ప్రశ్న: అన్నలూ, మా మేనమామ హైదరాబాద్ జియాగూడ కబేళాలో మేకలు, గొర్రెల తోలు తీస్తాడు. నన్నూ రమ్మంటున్నాడు. చికెన్ షాపులో చేశా, కత్తి పట్టడం వచ్చు. అది సరిపోతుందా?

జవాబు: తమ్ముడూ, చికెన్ షాపు అలవాటు ముందు మర్చిపో. ఇక్కడ కత్తి కంటే పిడికిలికే పని ఎక్కువ. కాళ్ల లోపలివైపు, పొట్ట మధ్యలో గీత పెట్టేవరకే కత్తి. తర్వాత ఒంటి వేడి చల్లారకముందే తోలుకీ మాంసానికీ మధ్య పిడికిలి దూర్చి నెట్టుకుంటూ పోవాలి. చల్లారితే తోలు పట్టుకుంటుంది, అప్పుడు కొత్తోడు కత్తి తీస్తాడు, గాటు పెడతాడు. గాటు చూస్తే వ్యాపారి ధర తగ్గిస్తాడు, ఏం మాట్లాడినా వినడు. మొన గుండ్రంగా, వంపు ఉన్న కత్తి కొనుక్కో. మొనదేలినది వద్దు.

ఇంకొకరు: ఉప్పు సంగతి కూడా చెప్పండన్నా. తీసిన తోలుకి లోపలివైపు గళ్లుప్పు దట్టించాలి, తోలు బరువులో దాదాపు మూడోవంతు. మన ఎండల్లో కొన్ని గంటలు ఆలస్యమైతే చాలు, వెంట్రుకలు ఊడొస్తాయి. అలాంటి సరుకు తమిళనాడులోని ఆంబూరు, రాణిపేట టానరీలవాళ్లు, అంటే తోలు శుద్ధి చేసే ఫ్యాక్టరీలవాళ్లు తీసుకోరు.

ప్రశ్న అడిగినవాడు: రోగాలొస్తాయని అమ్మ టెన్షన్.

జవాబు: అమ్మ మాట నిజమే. దానంతటదే చచ్చిన జీవం తోలు ఎంత డబ్బిచ్చినా ముట్టకు, దొమ్మ రోగం (ఆంత్రాక్స్) మనిషికీ అంటుతుంది. ధనుర్వాతం సూది వేయించుకో. చేతికి గాయముంటే ఆ రోజు పనికి పోకు, మామ తిట్టినా సరే. కూలి తోలు లెక్కనా, రోజు లెక్కనా అన్నది ముందే అడుగు.