అల్లం కణుపుల్లో మట్టి అల్ట్రాసోనిక్ తొట్టిలో ఎందుకు వదలట్లేదు?

ప్రశ్న:
నీళ్లలోకి చెవికి వినపడని ధ్వని పంపి, దాంతో పుట్టి పగిలే సన్నని బుడగలతో మురికి ఊడగొట్టే తొట్టి నా దగ్గరుంది: 30 లీటర్లు, ధ్వని ఫ్రీక్వెన్సీ 40 కిలోహెర్ట్జ్, 600 వాట్లు. తవ్వి తెచ్చిన అల్లం నేరుగా బుట్టలో వేసి 10 నిమిషాలు నడిపితే పైపైన శుభ్రపడుతోంది గానీ కణుపుల సందుల్లో బంకమన్ను అలాగే ఉంటోంది. మూడో విడతకల్లా పైమట్టి కూడా సరిగా పోవట్లేదు. టైం పెంచితే తొక్క లేస్తోంది. తక్కువ ఫ్రీక్వెన్సీ మిషన్ తీసుకోవాలా?

జవాబు 1:
మిషన్ మార్చక్కర్లేదండి. లీటరుకు 20 వాట్లు పడుతున్నాయి, చాలు. ఎండుమట్టితో ఉన్న కొమ్మును నీళ్లలో ముంచి సందు దగ్గర చూడండి, వెండిలా మెరిసే బుడగ కనిపిస్తుంది. అది గాలి. నీటిలోంచి వచ్చే ధ్వని గాలిని తాకగానే దాదాపు మొత్తం వెనక్కి తిరుగుతుంది, దాని వెనకున్న మట్టికి ఏమీ అందదు. అందుకే ముందు అరగంట మామూలు నీళ్లలో నానబెట్టి, రెండు మూడుసార్లు కుదిపి, ధార కింద పైమట్టంతా కడిగెయ్యండి. ఆ తర్వాత తొట్టిలో 2–3 నిమిషాలు చాలు.

మూడో విడతలో పని పడిపోవడానికి కారణం బురద. మట్టి రేణువులు ధ్వనిని చెదరగొట్టి మింగేస్తాయి. అడుగున పేరుకునే మడ్డి ఇంకా చెడ్డది, ఎందుకంటే ధ్వని పుట్టించే ట్రాన్స్‌డ్యూసర్లు అడుగు రేకు కిందే అతికించి ఉంటాయి. అడుగు రేకు కనిపించడం మానేసిందంటే నీళ్లు మార్చాల్సిందే. కొత్త నీళ్లు నింపాక అల్లం వెయ్యకుండా 10 నిమిషాలు నడపండి, నీళ్లలో కరిగిన గాలి బయటికి పోతుంది. నీళ్లు లేకుండా మాత్రం స్విచ్ వెయ్యొద్దు, ట్రాన్స్‌డ్యూసర్లు పాడవుతాయి.

జవాబు 2:
పై జవాబుకు ఒకటి కలుపుతాను. ప్లాస్టిక్ బుట్ట ధ్వనిని పీల్చేస్తుంది, వెడల్పు కన్నుల స్టీలు తీగ బుట్ట వాడండి. అడుగుకు తగలకుండా 3–4 సెంటీమీటర్ల ఎత్తున వేలాడాలి. కొమ్ములు ఒకే వరసలో పరవండి, ఒకదాని చాటున ఒకటి ఉంటే కిందది మురికిగానే మిగులుతుంది. 40 కిలోహెర్ట్జ్ దగ్గర నీటిలో అల పొడవు దాదాపు 37 మిల్లీమీటర్లు, కాబట్టి బలమైన చోట్లు, నీరసమైన చోట్లు దగ్గరదగ్గరగా వస్తుంటాయి. బుట్టను నెమ్మదిగా పైకీ కిందికీ కదిపితే అంతటా సమంగా పడుతుంది. అనుమానంగా ఉంటే అల్యూమినియం ఫాయిల్ ముక్కను నిలువుగా అర నిమిషం ముంచి పట్టుకోండి. చిల్లులు అంతటా పడాలి. వేళ్లు మాత్రం నీళ్లలో పెట్టొద్దు.

ప్రశ్న అడిగినవారు:
హీటర్ వెయ్యొచ్చా? బీట్‌రూట్‌కి కూడా ఇదే పద్ధతా?

జవాబు 3:
హీటర్ వద్దండి. 600 వాట్లూ నీళ్లలోకే దిగితే 10 నిమిషాలకు దాదాపు 3 డిగ్రీలు వాటంతటవే పెరుగుతాయి, వెచ్చబడిన దుంప నిల్వ ఉండదు. ఇక మిషన్ ఫ్రీక్వెన్సీ సంగతి: అది తగ్గేకొద్దీ ధ్వని వల్ల పుట్టే బుడగ పెద్దదై గట్టిగా పగులుతుంది. 25 కిలోహెర్ట్జ్‌ను బీట్‌రూట్ ముదురు తొక్క కొంత తట్టుకోవచ్చు, అల్లానికి 40 మీదే ఉండండి. తొక్క లేచిన చోటే కుళ్లు మొదలవుతుంది. ఊడిన క్రిములు అదే నీళ్లలో తిరుగుతుంటాయి గనక, తీశాక తాగే నీళ్ల ధార కింద కడిగి, సందుల్లో తడి ఆరేదాకా గాలికి పరవండి.

ఒక్క మాట: విడతకు 5 కిలోలు, ఎక్కించి దించడంతో కలిపి 5 నిమిషాలు అనుకుంటే గంటకు 60 కిలోలే. టన్నుల సరుకుకు బ్రష్‌లున్న డ్రమ్ము వాషరే నయం, సందులున్న వాటిని మాత్రం వేరుచేసి తొట్టికి పంపండి.