మైలేజా, అమ్మ మోకాళ్లా? కారు విషయంలో సలహా కావాలి

అందరికీ నమస్కారం. మాది వైజాగ్, మధురవాడ. డ్యూటీ గాజువాకలో. రానూ పోనూ రోజుకి 50 కిలోమీటర్ల పైనే, అందులో హనుమంతవాక, మద్దిలపాలెం సిగ్నళ్ల దగ్గర అంతా ఫస్ట్ గేరే. పాత డీజిల్ బండి అమ్మేసి చిన్న సీఎన్‌జీ కారు తీసుకుందామనుకున్నాను. కంపెనీ లెక్క కిలో గ్యాస్‌కి 34 కిలోమీటర్లు. రోడ్డు మీద అంత రాదని తెలుసు, 25 వచ్చినా నాకు పండగే.

షోరూమ్‌కి అమ్మని తీసుకెళ్లాను. సీటు ఎత్తుగా ఉండటంతో మోకాళ్లు పెద్దగా వంచకుండానే కూర్చుంది. ముఖం వెలిగిపోయింది. తీరా డిక్కీ తెరిస్తే అడ్డంగా సిలిండర్! అమ్మ వాకర్ మడిచి పెట్టి చూశాం, డోర్ పడలేదు. "ఒళ్లో పెట్టుకుంటాలేరా" అంది పాపం.

ఐదుగురం అరకు వెళ్లేది ఏడాదికి రెండుసార్లే. దానికోసం ఏడు సీట్ల ఎర్టిగా దండగంటుంది మా ఆవిడ. టాటా వాళ్ల జంట సిలిండర్ల కార్లలో ఒక పెద్ద సిలిండర్ బదులు రెండు చిన్నవి అడుగున పెడతారు, డిక్కీ చాలావరకు మిగులుతుందట. వాటితో అనంతగిరి ఘాట్ ఎక్కినవాళ్లున్నారా? ఏసీ వేసి, ఐదుగురితో బండి లాగుతుందా? లేక నోరు మూసుకుని పెట్రోల్ బండే కొనుక్కోమంటారా?