డాలస్‌ల మంచి సీపీఏ (లెక్కలు, టాక్స్ చూసేటాయన) ఉంటే చెప్పుండ్రి (ట్యూషన్ సెంటర్ ఫ్రాంచైజీ కోసం)

హన్మకొండ కొత్తాయన: అన్నలకు, అక్కలకు నమస్తే. మేం వచ్చి ఏడు నెలలైంది. నాది హెచ్1 వీసా (కంపెనీ జాబ్ మీద), మా ఆమెకు హెచ్4 ఈఏడీ (పని చేసుకునే పర్మిషన్) వచ్చింది. పిల్లల ట్యూషన్ సెంటర్ ఫ్రాంచైజీ చూస్తున్నం. వచ్చే సోమవారం డిపాజిట్ కట్టుమంటున్రు. ఎల్‌ఎల్‌సీ (దుకాణం అప్పు మన సొంత ఆస్తికి తగలకుండ పెట్టే కంపెనీ), టాక్స్ పనికి సీపీఏ ఎవరన్నా ఉన్నరా?

సుబేదారి అన్న: సీపీఏ దొరుకుతడు తియ్యి తమ్మీ. ఎఫ్‌డీడీ (ఫ్రాంచైజీ కంపెనీ తన వివరాలన్ని రాసిచ్చే కాగితం) చేతికిచ్చిన్రా? సంతకానికి, పైసలకు ముందు అది పది రోజులు నీ దగ్గర ఉండాలె. చట్టం అది.

మంచిర్యాల అక్క: పది పనిదినాలు పాత లెక్క అన్నా. 2008 సంది 14 రోజులు. తమ్మీ, అండ్ల 23 ఐటమ్‌లుంటయి. 19వ ఐటమ్‌ల ఆమ్దానీ లెక్క రాయకుండ నోటితోని ‘నెలకింత మిగుల్తది’ అంటున్నరంటే అనుమానపడు. 20వ ఐటమ్‌ల నిరుడు ఫ్రాంచైజీ ఇడిచిపెట్టి పోయినోళ్ల ఫోన్ నంబర్లుంటయి. ముందుగల వాళ్లకు చెయ్యి.

కరీంనగర్ బావ: నా కథ ఇను. 2018ల మా తమ్మునికని హన్మకొండల చాయ్ ఫ్రాంచైజీ తీస్కున్న. ఇక్కడి లెక్క మన దేశంల ఎఫ్‌డీడీ ఇయ్యాలనే చట్టమే లేదు. వారం ట్రైనింగ్ అన్నరు, హైదరాబాదుల ఒకటిన్నర రోజుల ముగించిన్రు. పొడి కంపెనీదే కొనాలె. అది బస్సు పార్శిల్‌ల వచ్చేది. ఒక్కోపారి రాకపోయేది. తమ్ముడు చౌరస్తాల పొడి కొనుక్కొచ్చి పోసిండు. తెల్లారే నోటీసు! కంపెనీకి కట్టే రాయల్టీ మిగిలినదాని మీద కాదు, గల్లాల పడ్డ ప్రతి రూపాయి మీద. అసలు దెబ్బ షటర్ కాడ పడ్డది. కంపెనీ కాగితం ఐదేండ్లకు, కిరాయి కాగితం 11 నెలలకు. పన్నెండో నెల ఓనర్ కిరాయి డబుల్ అన్నడు. జాగ మారుస్తమంటే కంపెనీ మళ్ల ఫీజు అడిగింది. ఇంక ఏం జేస్తం, షటర్ గుంజినం. ఆ బోర్డు ఇప్పుడు మా ఊర్లె కోళ్ల గూడు మీద కప్పు. వానొస్తే ‘చాయ్’ అనే అక్షరాల మీదికెల్లి నీళ్లు కారుతయి.

సుబేదారి అన్న: కరోనాల అందరివీ మునిగినయి బావా. కంపెనీనొక్కదాన్ని అంటే ఎట్ల?

కరీంనగర్ బావ: కరోనా 2020 మార్చిల. మేం మూసింది 2019 దసరా ముందట. సద్దుల బతుకమ్మ నాడు సామాన్లు మోసినం, నాకు తెల్వదా?

మంచిర్యాల అక్క: మీ పంచాయితీ ఆపుండ్రి. తమ్మీ, ఎల్‌ఎల్‌సీ ఉన్నదని ధైర్యపడకు. దుకాణం లీజుకు చాలామట్టుకు మీ సొంత జమానతు అడుగుతరు. నీ జాబ్ పోతే ఈ దేశంల ఉండనీకి 60 రోజుల గడువు, లీజేమో ఏండ్లకేండ్లు. ఇంకోటి, హెచ్1 మీద నువ్వు అక్కడ పని చెయ్యరాదు. టీచర్ రాకపోతే నేను కూసుంట అనుకుంటున్నవు గావచ్చు.

హన్మకొండ కొత్తాయన: నిజంగనే గట్ల అనుకున్న అక్కా. ఎఫ్‌డీడీ వచ్చి ఆరు రోజులే, సోమవారం కడుతలేం. 20వ ఐటమ్‌ల ఉన్న ఇద్దరికి ఫోన్ చేసినం. ఒకాయన నంబర్ కలువలే. ఇంకొకామె గంటసేపు మాట్లాడింది. ట్రైనింగ్ అయినంక కంపెనీ మనిషి మొఖమే చూడలేదట. అన్నా, మరి సీపీఏ?

సుబేదారి అన్న: నంబర్ పొద్దుగాల పెడ్త. కని బావా, మీ చాయ్ దుకాణం పక్కపొంటి ఇరానీ హోటల్ ఉండె గదా, దాని సంగతి చెప్పవేంది?