నరం దొరకదు, నరం గుంజుతుంది, నరం కొట్టుకుంటుంది: ఒకే మాట, ఎన్ని అవయవాలు?

ప్రశ్న (నర్సింగ్ మొదటి సంవత్సరం విద్యార్థిని, హనుమకొండ):

శరీరధర్మశాస్త్రం పాఠంలో గుండెకు రక్తం తెచ్చే సిర, గుండె నుంచి తీసుకుపోయే ధమని, సంకేతాలు మోసే నాడి వేరువేరని చదువుకున్నాను. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలోనే చదివినందువల్ల ఆ మాటలు నాకు కొత్త కావు. అయినా వార్డుకు వెళ్లిన మొదటి వారంలోనే అయోమయంలో పడ్డాను. సెలైన్ పెట్టబోతుంటే ఒక అవ్వ ‘నరం దొరుకుతలేదా బిడ్డా’ అని అడిగింది. పక్క మంచం మీది పెద్దమనిషి ‘నడుము నుంచి మడిమె దాకా నరం గుంజుతాంది’ అన్నాడు. ఇంకొకామె పిక్కలు చూపించి ‘నరాలు ఉబ్బినయి’ అన్నది. ముగ్గురూ చెప్పింది ఒకటే మాట, కానీ వాళ్లు చూపించిన భాగాలు ఒకటి కావు. నరం అన్న మాటకు అసలు అర్థం ఏమిటి? జనం తప్పుగా వాడుతున్నారా, లేక పుస్తకాలు రాసినవాళ్లు వేరే మాటలు పెట్టుకున్నారా? కేస్ షీటులో దీన్ని ఎట్లా రాయాలి?

జవాబు (నర్సింగ్ అధ్యాపకురాలు, వరంగల్):

అమ్మా, ఆ అవ్వ తప్పు మాట్లాడలేదు. నరము మన ద్రావిడ భాషల సొంత మాట. తమిళంలో నరంబు, కన్నడంలో నర, మలయాళంలో ఞరంబు దీని తోబుట్టువులు. తమిళంలో పాతకాలపు యాళ్ వాద్యానికి కట్టే తీగను కూడా నరంబు అనే అన్నారు. దీన్నిబట్టి ఈ మాట ఎక్కడి నుంచి నడిచి వచ్చిందో మనం ఊహించవచ్చు. అవయవం చేసే పనిని చూసి పెట్టిన పేరు కాదిది. చర్మం కింద బిగుతుగా, పొడవుగా, దారంలాగా చేతికి తగిలేదాన్నంతటినీ కలిపి పిలిచిన పేరు. పండుగనాడు ఇంట్లో మాంసం కోసేటప్పుడు తెల్లగా సాగుతూ కత్తికి లొంగని పోగు కనిపిస్తే ‘అది నరం, తీసెయ్’ అంటాం. అది నిజానికి కండరాన్ని ఎముకకు కట్టే టెండన్. అదే మనిషి ముంజేతి మీద నీలంగా తేలే గీతను చూసి కూడా నరమే అంటాడు. అది సిర. రూపాన్ని బట్టి చూస్తే రెండూ దారాలే కాబట్టి మాట ఒకటే అయింది.

మీరు రోజూ చూసే మోచేతి మడతనే తీసుకోండి. రబ్బరు పట్టీ కట్టి, పిడికిలి బిగించమని చెప్పి, అరచెయ్యి పైకి ఉండేటట్టు చాపిస్తారు కదా. చర్మం కిందనే అడ్డంగా తేలి, వేలితో నొక్కితే మెత్తగా దిగి మళ్లీ పైకి వచ్చేది సిర. రక్తం తీయడానికి మనం వెతికేది దాన్నే. ఇప్పుడు పట్టీ విప్పి, మోచేతిని కొంచెం వంచమని చెప్పి, మడత మధ్యలో వేలు పెట్టి చూడండి. గట్టి తాడులాగా తగిలేది బైసెప్స్ కండరం తాలూకు టెండన్. దానికి లోపలి వైపున, అంటే చిటికెన వేలి వైపున, వేలి కింద కొట్టుకుంటూ తెలిసేది బ్రేకియల్ ధమని. బీపీ చూసేటప్పుడు స్టెతస్కోపు పెట్టేది దాని మీదనే. ఇంకా లోపలికి, ధమనిని ఆనుకొని ఉండేది మీడియన్ అనే నరం, అంటే పుస్తకాలు నాడి అని రాసేది. పై సిరకూ లోపలి ధమనికీ నరానికీ నడుమ పలుచని గట్టి పొర ఒకటే అడ్డు. రెండు మూడు వేళ్ల వెడల్పులో నాలుగు వేరు వేరు అవయవాలు ఉన్నాయి, వాటిలో మూడింటిని రోగి నోట మనం వినేది ఒక్క మాటగానే. నాలుగోదైన ధమనిని కూడా కొన్నిసార్లు అదే మాటతో అంటారు.

ఈ కలగలుపు మన భాషకు మాత్రమే పట్టిన లోపమని అనుకోవద్దు. నేడు న్యూరాలజీ, న్యూరాన్ అంటున్న మాటల మూలమైన గ్రీకు మాటకు మొదటి అర్థం టెండనే. వింటినారిని కూడా వాళ్లు ఆ మాటతోనే పిలిచారు. సుమారు 2,300 ఏళ్ల కింద అలెగ్జాండ్రియాలో హీరోఫిలస్ అనే వైద్యుడు శవాలను కోసి పరీక్షించి, మెదడుతోనూ వెన్నుపాముతోనూ కలిసి ఉండే పోగులు వేరు, కండరాలను కట్టే పోగులు వేరు అని విడదీశాడు. ఆ తర్వాత కూడా వాళ్లు కొత్త మాట పుట్టించలేదు, పాత మాటనే కొత్త అర్థంలో స్థిరపరచుకున్నారు. మన ఇరుగుపొరుగున వినిపించే ఉర్దూలోని ‘నస్’ కూడా అచ్చంగా నరంలాంటిదే. సూది వేసేదీ నస్సే, పిక్క పట్టినప్పుడు ఎక్కిందనేదీ నస్సే.

ఇక మన మాటలో నాకు ఎంతో ఇష్టమైన సంగతి చెబుతాను. నామవాచకం ఒక్కటే అయినా, దాని పక్కన చేరే క్రియను మన జనం ఎప్పుడూ కలగాపులగం చేయరు. నరం ‘దొరుకుతుంది’, ‘తేలుతుంది’, ‘ఉబ్బుతుంది’ అన్నప్పుడు అది సిర. సిర గోడ పలుచన, లోపలి పీడనం తక్కువ. విశ్రాంతిగా ఉన్న మనిషి రక్తంలో సగానికి పైగా సిరల్లోనే నిలిచి ఉంటుంది. అందుకే పట్టీ కడితే తేలుతుంది, రోగి శరీరంలో నీరు తగ్గితే దొరకదు. నరం ‘గుంజుతుంది’, ‘జివ్వుమంటుంది’, ‘తిమ్మిరెక్కుతుంది’, ‘చచ్చుబడుతుంది’ అన్నప్పుడు అది అసలైన నరం. విద్యుత్ సంకేతం సన్నని పోగుల్లో సెకనుకు మీటరుకు అటూఇటూగా, మైలిన్ అనే కొవ్వు తొడుగున్న లావు పోగుల్లో సెకనుకు 100 మీటర్ల దాకా పరుగెత్తుతుంది. జివ్వుమనడం అన్న మాటలో ఆ వేగమంతా ఉన్నదని నాకు అనిపిస్తుంది. నరం ‘పట్టింది’, ‘బెణికింది’ అంటే సాధారణంగా కండరమో టెండనో. మెడ నరాలు పట్టినయి అన్న మనిషికి బిగుసుకున్నది మెడ కండరాలు. నరం ‘కొట్టుకుంటాంది’, ‘అదురుతాంది’ అని కణత మీద చెయ్యి పెట్టి చూపిస్తే అది చెవి ముందు నుంచి పైకి పోయే ధమని. సిర ఎప్పుడూ కణతలో అట్లా కొట్టుకోదు, టెండన్ ఎప్పుడూ జివ్వుమనదు. మాట కలిసి ఉన్నా అనుభవం విడివిడిగానే ఉన్నది, ఆ తేడాను మన భాష క్రియలో దాచుకున్నది. కాబట్టి రోగి ‘నరం’ అనగానే ఆగిపోకండి, ‘ఏమైతాంది నరానికి?’ అని అడగండి. సగం జవాబు ఆ క్రియలోనే వస్తుంది.

ఒక్క చోట మాత్రం క్రియను ఇంకా జాగ్రత్తగా గమనించాలి. ‘నరానికి సూది వేసిండ్రు’ అంటే సిరలోకి మందు ఎక్కించారని, అంతా సవ్యంగానే జరిగిందని అర్థం. ‘సూది నరానికి తగిలింది’ అంటే ప్రమాదం. పిరుదుకు సూది వేసేటప్పుడు పైభాగంలో బయటి వైపు మూలనే ఎందుకు ఎంచుకోమంటారో మీకు తెలుసు. వేలంత లావుండే సయాటిక్ నరం లోపలి, కింది భాగాల గుండా తొడలోకి దిగుతుంది. సూది దానికి తగిలితే పాదం పైకి లేవకుండా వేలాడిపోవచ్చు. మూడు మాటల్లో క్రియ ఒక్కటి మారితే ఒకటి చికిత్స, ఒకటి గాయం. దీన్ని విద్యార్థులకు మొదటి రోజే చెప్పాలని నేను కోరుకుంటాను.

నాడి అన్న మాట గురించి నా ఫిర్యాదు వేరే ఉన్నది. పాఠ్యపుస్తకాలు నాడీవ్యవస్థ, నాడీకణం అని రాస్తాయి. జనానికి మాత్రం నాడి అంటే మణికట్టు దగ్గర వైద్యుడు వేళ్లు పెట్టి చూసేది, అంటే ధమని కొట్టుకోవడం. నేను చదువుకునే రోజుల్లో ఒక ఆసుపత్రిలో, కాళ్లు మండుతున్నాయని వచ్చిన ఒక పెద్దాయనకు ‘షుగర్ వల్ల మీ నాడులు దెబ్బతిన్నాయి’ అని బడి తెలుగులో చెప్పాను. ఆయన ఏమీ అనకుండా చొక్కా చెయ్యి పైకి మడిచి, మణికట్టు నా ముందు చాపాడు. నాడి చూస్తానేమోనని ఎదురుచూస్తూ కూర్చున్నాడు. ఆయన అరికాళ్ల గురించి నేను చెప్పవలసింది ఆయనకు చేరనే లేదు. మాట శాస్త్రీయంగా ఉంటే చాలదని నేను ఆనాడే నేర్చుకున్నాను.

వ్యాఖ్య (విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, కరీంనగర్):

అధ్యాపకురాలి మాటకు ఒక చిన్న చేర్పు. చరక సంహిత సూత్రస్థానం 30వ అధ్యాయంలో ‘ధ్మానాద్ధమన్యః స్రవణాత్ స్రోతాంసి సరణాత్ సిరాః’ అని ఒక పంక్తి ఉన్నది. ధ్మానం వల్ల ధమనులు, స్రవించడం వల్ల స్రోతస్సులు, సాగిపోవడం వల్ల సిరలు అని భావం. ధ్మా ధాతువుకు ఊదడం అని అర్థం. కొలిమి దగ్గర తిత్తి పొంగి అణగడాన్ని తలచుకుంటే ధమనికి ఆ పేరు ఎంత తగినదో తెలుస్తుంది. నాడి, నాళం మాత్రం బోలుగా ఉండే కాడను చెప్పే మాటలు. అందువల్ల లోపల బోలు లేని, పోగుల కట్టలాంటి అవయవానికి నాడి అన్న పేరు వ్యుత్పత్తిరీత్యా కూడా అంతగా అతకదు. నరం అన్న దేశ్యపదమే దానికి దగ్గరగా ఉన్నది. ఆకులో కనిపించే గీతలకు మనకు ఈనెలు అని వేరే మాట ఉండటం కూడా గమనించదగ్గది.

వ్యాఖ్య (స్టాఫ్ నర్సు, ములుగు):

మా దగ్గర ఈ మాట వల్ల మనుషులు దారి తప్పుతున్నారు. పిక్కల మీద మెలికలు తిరిగిన నరాలు ఉబ్బినవాళ్లు ‘నరాల డాక్టరు’ను వెతుక్కుంటూ పోతారు. ఆ డాక్టరు చూసేది మెదడు, వెన్నుపాము, వాటి నుంచి వచ్చే నరాలను. వీళ్లకు కావలసింది రక్తనాళాల శస్త్రవైద్యుడు. రోజంతా నిలబడి పనిచేసే హమాలీలు, వంటపనివాళ్లు ఇట్లా ఒకచోట డబ్బు, సమయం పోగొట్టుకొని తర్వాత ఇంకోచోటికి వస్తారు. ‘నరాల బలహీనత’ అన్న గోడరాతల సంగతి చెప్పనే అక్కరలేదు. అలసట, నిద్రలేమి, దిగులు, దాంపత్య సమస్య అన్నీ ఆ రెండు మాటల కిందికే వస్తాయి. ఈ సందర్భంలో క్రియను అడిగినా ఏమీ తేలదు, మనిషిని కూర్చోబెట్టి ఓపికగా వినవలసిందే.

మళ్లీ జవాబు (నర్సింగ్ అధ్యాపకురాలు, వరంగల్):

ములుగు అక్క చెప్పింది అక్షరాలా నిజం. ఉబ్బిన సిరల గురించి రోగికి చెప్పేటప్పుడు నేను సిర అన్న మాటతో మొదలుపెట్టను. ‘గుండె నుంచి రక్తం కాళ్లకు దిగుతుంది, మళ్లీ పైకి ఎక్కాలి. కదలకుండా నిలబడితే పాదం దగ్గర సిరల్లో పీడనం దాదాపు 90 మిల్లీమీటర్ల పాదరసం దాకా పెరుగుతుంది, నడిస్తే పిక్క కండరం పిండడం వల్ల బాగా తగ్గుతుంది’ అన్న పాఠాన్ని అంకెలు తీసేసి చెబుతాను. బావిలో తోడిన నీళ్లు వెనక్కు జారకుండా చూసినట్టు, ఈ నాళాల్లో చిన్న చిన్న తలుపులు రక్తాన్ని వెనక్కు జారనివ్వవు. ఆ తలుపులు వదులైతే రక్తం కిందనే నిలిచి నాళం ఉబ్బుతుంది అంటాను. ‘ఇది రక్తం నడిచే నరం, తిమ్మిరి తెచ్చే నరం కాదు’ అని చివర ఒక్క వాక్యం కలుపుతాను. ఆ వాక్యం విన్న తర్వాత మనిషి ఏ డాక్టరు దగ్గరికి పోవాలో తానే అడుగుతాడు.

కరిగిపోయే హద్దుల మధ్య మాటలు ఎంచుకోమంటే నా పద్ధతి ఇది. సంకేతాలు మోసేదాన్ని నరమనే అంటాను, ఎందుకంటే నరాల డాక్టరు అన్న వాడుక అప్పటికే దాన్ని అక్కడ స్థిరపరచింది. సిరనూ ధమనినీ రక్తనాళమని చెప్పి, గుండెకు తెచ్చేది, గుండె నుంచి తీసుకుపోయేది అని పని చెప్పి విడదీస్తాను. నాడిని మణికట్టుకే వదిలేస్తాను. పరీక్షలో మాత్రం నాడీవ్యవస్థ అనే రాయండి, మార్కులు దానికే వస్తాయి. తెలుగులో ఆరోగ్య కరపత్రాలు రాసేవాళ్లు ఈ విషయంలో పాఠ్యపుస్తకం కన్నా వార్డును ఎక్కువగా వినాలని నా గట్టి అభిప్రాయం. బడిపలుకులు వేరు, పలుకుబడులు వేరు అని జీవితాంతం చెప్పిన కాళోజీ పేరు మీదనే మన వరంగల్‌లో ఆరోగ్య విశ్వవిద్యాలయం ఉన్నది. మన పట్టాల మీద ఉండే పేరు అదే కాబట్టి, ఈ చర్చ మనకు మరీ దగ్గరిది.

చెల్లీ, నీ చివరి ప్రశ్నకు జవాబు చెప్పడం మిగిలింది. కేస్ షీటులో రోగి చెప్పిన మాటను మార్చకుండా, కొటేషన్ గుర్తుల్లో ‘నడుము నుంచి మడిమె దాకా నరం గుంజుతాంది’ అని ఉన్నదున్నట్టు రాయి. దాన్ని సిర అనో నాడి అనో నువ్వు అనువదించవద్దు. దాని కింద నువ్వు చూసింది రాయి: ఏ కాలు, ఎక్కడ మొదలై ఎక్కడిదాకా, దగ్గినప్పుడు పెరుగుతుందా, కాలు మొద్దుబారిందా, పాదం పైకి ఎత్తగలుగుతున్నాడా, చర్మం మీద నాళాలు ఉబ్బి ఉన్నాయా, పాదం పైన ధమని కొట్టుకోవడం వేలికి తెలుస్తుందా. రేపు ఉదయం ఆ పెద్దమనిషి దగ్గరికి వెళ్లినప్పుడు ముందు పాదం ఎత్తమని అడిగి చూడు.