పిల్లకి ఏదో జరిగిందని టీచర్‌కి తెలిస్తే ముందు హెచ్‌ఎంకి చెప్పాలా, నేరుగా పోలీసులకా?

ఆరో క్లాస్ మేడమ్:
మా స్టాఫ్ రూమ్‌లో రెండ్రోజుల నుంచీ ఇదే గొడవ, ఎటూ తేలట్లేదు, అందుకే అడుగుతున్నా. మొన్న మాకు పోక్సో చట్టం, అంటే పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే చట్టం మీద ట్రైనింగ్ పెట్టారు. 2012 నాటి చట్టం అది. సెక్షన్ 19 ప్రకారం, పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందని భయం కలిగినా, ఎవరైనా సరే లోకల్ పోలీసులకో స్పెషల్ జువెనైల్ పోలీస్ యూనిట్‌కో (పిల్లల కేసులు చూసే పోలీసు విభాగం) చెప్పి తీరాలట. చెప్పకపోతే సెక్షన్ 21 కింద 6 నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. మా హెచ్‌ఎం గారేమో "అలాంటిదేదైనా ఉంటే ముందు నాకు చెప్పండి, పేరెంట్స్‌ని పిలిపించి కనుక్కుందాం, తర్వాత చూద్దాం" అంటున్నారు. సగం మంది ఆయన మాటే కరెక్ట్ అంటున్నారు. నేను మాత్రం ఒప్పుకోను. మీరేమంటారు?

ప్రైవేట్ స్కూల్ టీచర్:
మేడమ్ మీరు గవర్నమెంట్ అనుకుంటా, అందుకే అంత ధైర్యంగా అడుగుతున్నారు. మా దగ్గర కరస్పాండెంట్‌కి చెప్పకుండా స్టేషన్ మెట్లెక్కితే సాయంత్రానికి "రేపట్నుంచి రావద్దమ్మా" అని ఫోనొస్తుంది, అంతే సంగతులు. మాలో చాలామందికి అపాయింట్‌మెంట్ ఆర్డరే ఉండదు, ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ళ బీరువాలో ఉంటాయి. పోనీ లేబర్ కోర్టుకి వెళ్దామా అంటే టీచర్లు చట్టం చెప్పే వర్క్‌మెన్ (కార్మికులు) కిందకి రారని 1988లోనే సుప్రీంకోర్టు చెప్పేసింది. చెప్పొద్దని కాదు నేననేది. చెప్పినవాళ్ళకి నెల తిరిగేసరికి జీతం ఎవరిస్తారో అదీ చెప్పండి.

రిటైర్డ్ హెచ్‌ఎం:
హెచ్‌ఎంని విలన్ని చెయ్యకండమ్మా. తెలియడం వేరు, అనుమానం వేరు. పిల్ల నాలుగు రోజులు ముభావంగా ఉందని పోలీసుల దగ్గరికి పరిగెత్తి, తీరా అది ఇంట్లో ఇంకేదో గొడవని తేలితే ఆ కుటుంబం ఊళ్ళో తలెత్తుకుంటుందా? కేరళలో ఒక ఆసుపత్రి డాక్టర్ల మీద పోలీసులకి చెప్పలేదని ఇదే సెక్షన్ 21 పెడితే, పరిస్థితుల్ని బట్టి మీరే ఊహించి ఉండాల్సింది అనడం కుదరదని 2018లో సుప్రీంకోర్టు వాళ్ళ మీద కేసు కొట్టేసింది. కాబట్టి కాస్త కనుక్కుని అడుగేస్తే తప్పేంటి?

అడ్వొకేట్ తమ్ముడు:
సార్, మీరు చెప్పిన తీర్పు నిజమే. కానీ విషయం తవ్వి తెలుసుకోవాల్సిన బాధ్యత సమాచారం ఇవ్వాల్సిన మనిషికి లేదని కూడా అందులోనే ఉంది. అంటే ఎంక్వైరీ మన పని కాదు. ముభావంగా ఉందని ఎవరూ పోలీసులకి చెప్పమనట్లేదు, పిల్ల నోరు తెరిచి ఒక్క మాట చెప్పాక సంగతి. మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలో ఒక స్కూల్ హాస్టల్ పిల్లల కేసుంది, వైద్యం చేసిన డాక్టర్ తెలిసీ చెప్పలేదని కేసు పెడితే హైకోర్టు కొట్టేసింది, 2022 నవంబర్లో సుప్రీంకోర్టు దాన్ని తిరగదోడి, తెలిసి కూడా చెప్పకపోవడం తీవ్రమైన నేరం అంది. ఇంకో సంగతి, తన కింద పనిచేసేవాడి నేరాన్ని సంస్థ హెడ్ దాస్తే శిక్ష ఏడాది దాకా ఉంటుంది. మంచి ఉద్దేశంతో సమాచారం ఇచ్చిన మనిషి మీద మాత్రం సివిల్ కేసు గానీ క్రిమినల్ కేసు గానీ నిలవదు, సెక్షన్ 19(7) చూడండి. సెక్షన్ 22 శిక్ష కావాలని పరువు తియ్యడానికో డబ్బు గుంజడానికో అబద్ధం చెప్పినవాళ్ళకి. పిల్లని స్టేషన్ చుట్టూ తిప్పుతారన్న భయం కూడా వద్దు, స్టేట్‌మెంట్ పిల్ల ఇంట్లోనో తను కోరిన చోటో తీసుకోవాలి, వీలైనంతవరకూ ఎస్సై ర్యాంకుకి తగ్గని మహిళా ఆఫీసర్, అదీ యూనిఫాం లేకుండా.

ఉద్యోగం మాట కొస్తే, ఆంధ్రప్రదేశ్ 1982 విద్యా చట్టంలో ప్రైవేట్ స్కూల్ టీచర్నైనా విచారణ లేకుండా తీసెయ్యకూడదని ఉంది. కాగితం మీదున్నంత తేలిగ్గా బయట జరగదు, అది నేనూ ఒప్పుకుంటా.

ఆరో క్లాస్ మేడమ్:
సార్, మీరంటే గౌరవం ఉంది, కానీ "కనుక్కుందాం" అన్న మాట వింటే నాకు కాళ్ళు చల్లబడతాయి. ఎందుకో చెప్తా. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మా క్లాసులో ఒక పాప నోట్‌బుక్‌లో ఒకేచోట రబ్బరుతో రుద్దీ రుద్దీ పేజీకి బొక్క పడేదాకా రుద్దేది. లాంగ్ బెల్ కొట్టినా బ్యాగ్ సర్దేది కాదు. ఒకరోజు పక్కన కూర్చుంటే మామయ్య గురించి ఒక్క వాక్యం చెప్పింది, ఇంక మాట్లాడలేదు. అప్పటికి చట్టం వచ్చి రెండేళ్ళయింది, నాకు తెలీదు. హెచ్‌ఎం గారికి చెప్పా. ఆయన చెడ్డ మనిషి కాదు, ఇంటికి ఫోన్ చేసి పెద్దవాళ్ళెవరినైనా రమ్మన్నారు. వచ్చింది ఆ మామయ్యే. ఆఫీస్ రూమ్‌లో నవ్వుతూ టీ తాగి వెళ్ళాడు. సోమవారం పాప రాలేదు, గురువారానికి టీసీ తీసుకెళ్ళిపోయారు. అటెండెన్స్ రిజిస్టర్లో తన పేరు మీద ఎర్ర గీత నేనే గీశా.

ప్రైవేట్ స్కూల్ టీచర్:
అక్కా... ఏమనాలో తెలియట్లేదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తే సరిపోతుందా, స్టేషన్‌కే వెళ్ళాలా?

అడ్వొకేట్ తమ్ముడు:
1098కి చేసినా వాళ్ళు పోలీసులకి చెప్పాల్సిందే. కానీ మీ రక్షణ కోసం మీరే రాతపూర్వకంగా ఇవ్వండి. పిల్ల అన్న మాట అన్నట్టే రాయండి, మీ ఊహలు కలపొద్దు, తేదీ టైమ్ వెయ్యండి. పోలీసులు దానికి ఎంట్రీ నంబర్ వేసి, రాసుకున్నది మీకు చదివి వినిపించాలి, ఆ నంబర్ అడిగి తీసుకోండి. పిల్ల పేరు స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకండి.

రిటైర్డ్ హెచ్‌ఎం:
ఆ మామయ్యే వచ్చాడన్నది చదివి చాలాసేపు అలాగే కూర్చున్నానమ్మా. నా సర్వీసులో నేనూ అలా ఎంతమంది ఇళ్ళకి కబురు పెట్టానో. పేరెంట్స్‌ని ముందు పిలవాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ టీచర్ ఒక్కతే వెళ్ళకూడదు, హెచ్‌ఎం పక్కన నడవాలి, అది మాత్రం వదలను.