ఘానాలో న్యాయశాఖ మంత్రే అటార్నీ జనరల్ అంట, ఇదెలా కుదురుతుంది?

టెమా_తెలుగోడు:
టెమాలో ఉద్యోగానికి వచ్చి ఎనిమిది నెలలైంది. పొద్దున్నే ట్రోట్రోలో (ఇక్కడి షేర్ వ్యాన్) అక్రా వెళ్తుంటే రేడియోలో రోజూ ఏజీ గోలే. మొదట్లో అకౌంటెంట్ జనరల్ అనుకున్నా, హైదరాబాద్‌లో ఏజీ ఆఫీసంటే అదేగా మరి. తీరా చూస్తే ఇక్కడ అటార్నీ జనరల్, పైగా న్యాయశాఖ మంత్రి కూడా ఆయనే. నిన్న వెనక సీట్లో ఇద్దరు దీని మీదే పోట్లాడుకుంటుంటే మేట్ (కండక్టర్) అది వింటూ నాకు చిల్లర ఇవ్వడం మర్చిపోయాడు. ప్రభుత్వం మారింది కాబట్టే ఒకప్పటి ప్రతిపక్ష నేత ఫోర్సన్ మీద కేసు పోయిందని ఒకాయన, అసలది కేసే కాదని ఇంకొకాయన. ఎవరిది కరెక్ట్?

నల్లకోటు:
వాళ్ల 1992 రాజ్యాంగం 88వ అధికరణమే అలా ఉంది బ్రదర్. అటార్నీ జనరల్ మంత్రిగా ఉంటారు, ప్రభుత్వానికి ప్రధాన న్యాయ సలహాదారు కూడా, క్రిమినల్ కేసులు వేసే అధికారమూ ఆయనదే. మనకి 76వ అధికరణం కింద ఉండే అటార్నీ జనరల్ మంత్రి కాదు, న్యాయ మంత్రి వేరు. అక్కడ అధ్యక్షుడు తలుచుకుంటే ఏజీని తీసేయొచ్చు. మార్టిన్ అమిడూ ఏజీగా ఉంటూ వొయోమే అనే వ్యాపారికి ప్రభుత్వం చెల్లించిన 5 కోట్ల సెడీల పైచిలుకు పరిహారం చెల్లదని గట్టిగా పట్టుబట్టారు, 2012 జనవరిలో పదవి పోయింది. తర్వాత 2014లో సుప్రీంకోర్టు ఆ డబ్బు వెనక్కి కట్టమంది. ఆయన కుర్చీ మాత్రం తిరిగి రాలేదు.

వోల్టా_గట్టు:
ఫోర్సన్‌ది అంబులెన్సుల కేసు, వాటి కొనుగోలులో ప్రభుత్వానికి నష్టం తెచ్చారని. గాడ్‌ఫ్రెడ్ డేమ్ ఏజీగా ఉన్నప్పుడు నడిచింది. ఫోర్సన్ మీద కేసు నిలబెట్టడానికి సహకరించమని ఏజీయే తనను అడిగారని సహ నిందితుడు కోర్టులోనే ఆరోపించాడు, డేమ్ కాదన్నారు, అదో పెద్ద రచ్చ. 2024 జూలైలో అప్పీల్ కోర్టు 2-1తో ఫోర్సన్‌ను వదిలేసింది, అప్పటికి ప్రభుత్వం ఇంకా మారలేదు, గమనించండి. డేమ్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. డిసెంబర్ ఎన్నికల్లో ఫోర్సన్ పార్టీకే చెందిన మహామా అధ్యక్షుడిగా గెలిచారు, డొమినిక్ అయినే ఏజీ అయ్యారు, ఆ అప్పీల్ వెనక్కి తీసుకున్నారు. ఫోర్సన్ ఇప్పుడు ఆర్థిక మంత్రి!

గోదారి_గాలి:
మనం నవ్వాల్సిన పనేం లేదు. ప్రభుత్వం మారగానే సొంత పార్టీ వాళ్ల మీద కేసులు ఎత్తేయడం మన రాష్ట్రాల్లో చూడలేదా? కాకపోతే మనకి పబ్లిక్ ప్రాసిక్యూటర్ కేసు ఉపసంహరించుకోవాలంటే కోర్టు ఒప్పుకోవాలి, అదొక్కటే కాస్త అడ్డు.

నల్లకోటు:
అది నిజమే. ఘానా వాళ్లూ ఏమీ చేయకుండా కూర్చోలేదు, అవినీతి కేసుల కోసం 2017లో చట్టం చేసి స్పెషల్ ప్రాసిక్యూటర్ ఆఫీసు పెట్టారు. మొదట అక్కడ కూర్చున్నది ఎవరో తెలుసా, పైన చెప్పిన అమిడూయే! 2020 నవంబర్‌లో రాజీనామా చేసేశారు. ఆ పదవికి పేరు ప్రతిపాదించేది కూడా మళ్లీ ఏజీనే, ఇక చూసుకోండి.

టెమా_తెలుగోడు:
ఓహో, అంటే కోర్టు వదిలేశాక మిగిలింది అప్పీలు ఒక్కటే, కొత్త ఏజీ వెనక్కి తీసుకున్నది దాన్నే. అయితే వెనక సీటు వాళ్లిద్దరూ సగం సగం కరెక్టే. థాంక్స్ అన్నా. నా రెండు సెడీల చిల్లర మాత్రం ఇంకా రాలేదు, మేట్ రేపు ఇస్తానన్నాడు.